మంగళవారం రాత్రి వూస్టర్‌లో మెటల్‌కోర్: పది తలకిందుల సలహాలు

కచేరీకి బయల్దేరేవాళ్ళకు సలహాలు చెప్పేవాళ్ళు చాలామంది ఉంటారు. పెద్ద ఊళ్లో చూడు, శనివారం చూసుకో, పాటలన్నీ ముందే వినేసి వెళ్ళు, మొదట వాయించే చిన్న బ్యాండ్ల కోసం తొందరపడకు, నలుగురిని వెంటేసుకో, ఆఖరి పాట మొదలవగానే పార్కింగ్ వైపు నడువు. ఇవన్నీ మంచి మనసుతో చెప్పే మాటలే. సినిమా పాటల విభావరికి సరిపోతాయేమో కూడా. మెటల్‌కోర్‌కి మాత్రం పనికిరావు. ఊరూరా తిరుగుతూ వచ్చే మెటల్‌కోర్ బ్యాండ్‌ని చూడాలనుకుంటే వీటిలో ప్రతి మాటనూ తిరగేసి పాటించండి.

హార్డ్‌కోర్ పంక్‌లోని కోపం, హెవీ మెటల్‌లోని గిటార్ బరువు కలిసి పుట్టిన సంగీతం మెటల్‌కోర్. గొంతు చించుకునే అరుపు, దాని పక్కనే స్వచ్ఛమైన రాగం, మధ్యలో ఒళ్ళు కుదిపేసే బ్రేక్‌డౌన్ ఉంటాయి. ఈ సంగీతం స్టేజీ మీద సగమే తయారవుతుందని నా నమ్మకం. మిగతా సగం కింద నిలబడ్డవాళ్ళు తయారుచేస్తారు. సౌకర్యం చూసుకుని వెళ్ళినవాళ్ళకు ఆ రెండో సగం దొరకదు. అమెరికాలో, ముఖ్యంగా మసాచుసెట్స్‌లో, చదువుకో ఉద్యోగానికో వచ్చి ఉంటున్న తెలుగువాళ్ళను దృష్టిలో పెట్టుకుని ఈ సలహాలు రాస్తున్నాను. ఈ సంగీతం పుట్టిన ఇళ్ళలో ఒకటి మీ గడప పక్కనే ఉంది.

1. పెద్ద ఊరిని వదిలేయండి

మీరు బోస్టన్‌లోనే ఉంటున్నా సరే, బోస్టన్ షోకి టికెట్ కొనకండి. అక్కడికి పడమరగా అరవై కిలోమీటర్ల పైచిలుకు దూరంలో ఉన్న వూస్టర్‌లో షో ఎప్పుడుందో చూడండి. ఒకే టూర్‌లో ఈ రెండు ఊళ్ళూ ఉండటం అరుదు. దగ్గర దగ్గర ఊళ్లలో వెంటవెంటనే వాయించకూడదని ప్రమోటర్ల ఒప్పందాల్లో షరతులుంటాయి. ఈసారి బోస్టన్ వంతు వచ్చిందంటే ఆ బ్యాండ్‌ని ఈసారికి వదిలేయండి. వూస్టర్‌కి వచ్చే ఇంకో బ్యాండ్‌ని పట్టుకోండి.

వూస్టర్ మసాచుసెట్స్‌లో రెండో పెద్ద నగరం. 2020 జనాభా లెక్కల ప్రకారం అక్కడున్నది 2,06,518 మంది. ఒకప్పుడు తీగల కర్మాగారాలు, మిల్లులు నడిచిన పాత పారిశ్రామిక నగరం అది. ఆ ఊరి మెయిన్ స్ట్రీట్ మీద పలేడియం అనే హాలు ఉంది. 1928లో ప్లిమత్ థియేటర్ అనే పేరుతో కట్టిన పాత సినిమా హాలు ఇప్పుడు మెటల్, హార్డ్‌కోర్ అభిమానులకు తీర్థక్షేత్రమైంది. కింద పెద్ద హాలు, పైన కొన్ని వందల మందికి సరిపోయే చిన్న గది. న్యూ ఇంగ్లండ్ మెటల్ అండ్ హార్డ్‌కోర్ ఫెస్టివల్ 1999లో ఇక్కడే మొదలైంది. మెటల్‌కోర్ బ్యాండ్ కిల్‌స్విచ్ ఎంగేజ్ 2005లో తన కచేరీ డీవీడీని చిత్రీకరించుకోవడానికి ఏ మహానగరానికీ పోకుండా ఈ హాలునే ఎంచుకుంది.

ఆ ఎంపికకు అర్థముంది. కిల్‌స్విచ్ ఎంగేజ్ పుట్టింది అదే రాష్ట్రంలో వెస్ట్‌ఫీల్డ్ అనే చిన్న ఊళ్లో. ఆల్ దట్ రిమైన్స్ బ్యాండ్‌ది స్ప్రింగ్‌ఫీల్డ్. కన్వర్జ్ 1990లో మొదలైంది సేలంలో. ఈ సంగీతాన్ని పెంచినవాళ్ళు ఇలాంటి ఊళ్ళవాళ్ళే. అది తన కొలతకు సరిపడే గదిలో ఎలా మోగుతుందో వినాలంటే ఇలాంటి ఊరికే వెళ్ళాలి.

2. శుక్ర, శనివారాలు వద్దు

మంగళవారం వెళ్ళండి. అది లేకపోతే బుధవారం. మర్నాడు ఆఫీసుందని, పొద్దున్నే క్లాసుందని వెనక్కి తగ్గకండి. వీలైతే బుధవారం ఉదయం సెలవు పెట్టండి.

టూర్ వేసేవాళ్ళు శుక్ర, శనివారాలను న్యూయార్క్, ఫిలడెల్ఫియా, షికాగో లాంటి పెద్ద మార్కెట్లకు ఇస్తారు. ఆ రెండు పెద్ద రాత్రుల మధ్య మిగిలే రోజుల్లో చిన్న, మధ్యరకం ఊళ్ళు వస్తాయి. బ్యాండ్‌కి షో లేని రోజంటే నష్టం. ఆ రోజు కూడా వ్యాన్‌కి పెట్రోలు పొయ్యాలి, అందరికీ తిండి పెట్టాలి, పడుకోవడానికి గది తీసుకోవాలి, సౌండ్ ఇంజినీరుకీ, టీషర్టులు, ఇతర మర్చ్ అమ్మే మనిషికీ జీతం ఇవ్వాలి. మంగళవారం రాత్రి వూస్టర్‌లో వాయించగా వచ్చిన డబ్బే బుధ, గురువారాల ప్రయాణానికి ఆధారం. అభిమాని కొన్న మంగళవారం టికెట్ టూర్‌ని ముందుకు నడుపుతుంది. శనివారం టికెట్ మీరు కొనకపోతే ఇంకొకరు కొంటారు.

తెరలు, సామాన్లు వేసుకుని ఊరూరా తిరిగిన సురభి నాటక కుటుంబాలను చూసిన జాతి మనది. గుడారం వేసిన ప్రతి రాత్రీ జనం వస్తేనే ఆ కుటుంబాలు నడిచాయి. వ్యాన్ వెనక ట్రైలర్ తగిలించుకుని తిరిగే బ్యాండ్ బతుకు కూడా అలాంటిదే.

ఇంకో లాభం ఉంది. మంగళవారం రాత్రి కాలక్షేపం కోసం వచ్చేవాళ్ళు తక్కువ. పనిలోంచి నేరుగా వచ్చినవాళ్ళు, మర్నాడు మళ్ళీ పనికి పోవాల్సినవాళ్ళు, ఈ సంగీతం లేకపోతే వారం గడవదనుకునేవాళ్ళు వస్తారు. మీరు నిలబడాల్సింది వాళ్ళ మధ్యన.

3. పాటలు నేర్చుకుని వెళ్ళకండి

పాటలన్నీ కంఠస్థం చేసి వెళ్తే గొంతు కలపొచ్చని అందరూ చెబుతారు. మొదటిసారి వెళ్తున్నవాళ్ళు అలా చెయ్యొద్దని నా విన్నపం. ఆఖరున వాయించే ప్రధాన బ్యాండ్, అంటే హెడ్‌లైనర్, పాట ఒక్కటి కూడా వినకుండా వెళ్ళండి.

మెటల్‌కోర్‌లో తెలియాల్సింది ముందు ఒంటికి తెలియాలి. బ్రేక్‌డౌన్ చూడండి. అప్పటిదాకా పరిగెత్తిన లయ ఒక్కసారి సగానికి పడిపోతుంది. గిటార్లు రాగం మానేసి అడుగు తీగ మీదికి దిగుతాయి. ఆ తీగను కూడా మామూలు శ్రుతి కంటే బాగా కిందికి దించి ఉంచుతారు. చాలా బ్యాండ్లు వాడే డ్రాప్ సీ పద్ధతిలో అది నాలుగు సెమీటోన్లు దిగుతుంది. కుడి అరచేతి అంచును తీగల మీద ఆనించి వాయించడంతో ప్రతి దెబ్బా మొద్దుగా, పొట్టిగా తెగుతుంది. డ్రమ్మర్ రెండు కాళ్ళతో వేసే కిక్ దెబ్బలు గిటార్ దెబ్బలతో కచ్చితంగా కలుస్తాయి. పైన చైనా సింబల్ లయను పట్టుకుని ఉంటుంది. హాల్లో ఆ శబ్దం ముందు పాదాలకు, తర్వాత పక్కటెముకలకు, ఆఖరున చెవికి చేరినట్టనిపిస్తుంది. ఎప్పుడొస్తుందో ముందే తెలిసిన బ్రేక్‌డౌన్ కోసం మీరు ఎదురుచూస్తారు. తెలియనిది వచ్చి మిమ్మల్ని పట్టుకుంటుంది. ఆ అనుభవం ఒక పాటకు ఒక్కసారే దొరుకుతుంది. ఇంట్లో హెడ్‌ఫోన్ల మధ్య దాన్ని ఖర్చుపెట్టేయకండి.

మాటలు అర్థం కావేమోనని బెంగ పెట్టుకోవద్దు. ఇంగ్లిష్‌లో పుట్టి పెరిగినవాళ్ళకు కూడా ఆ అరుపులో మాటలు మొదటిసారి అందవు. మనకు పాటంటే ముందు సాహిత్యం. ఆ అలవాటును ఒక్క రాత్రికి పక్కనపెట్టి డ్రమ్మర్ కాళ్ళను చూడండి.

తిరిగొచ్చాక వినాల్సినవి వినండి. కన్వర్జ్ వారి జేన్ డో 2001లో వచ్చింది, కిల్‌స్విచ్ ఎంగేజ్ వారి అలైవ్ ఆర్ జస్ట్ బ్రీతింగ్ 2002లో. అనర్త్ వారి ది ఆన్‌కమింగ్ స్టార్మ్, షాడోస్ ఫాల్ వారి ది వార్ వితిన్ రెండూ 2004లోవి. ఆల్ దట్ రిమైన్స్ వారి ది ఫాల్ ఆఫ్ ఐడియల్స్ 2006లోది. వీటన్నిటినీ మసాచుసెట్స్ బ్యాండ్లే చేశాయి. వాటిలో వినిపించే జంట గిటార్ల రాగాల మూలం తెలుసుకోవాలంటే స్వీడన్ బ్యాండ్ అట్ ది గేట్స్ 1995లో చేసిన స్లాటర్ ఆఫ్ ది సోల్ దాకా వెళ్ళండి.

4. హెడ్‌లైనర్‌ని చూసి టికెట్ కొనకండి

పోస్టర్ మీద అన్నిటికన్నా అడుగున, అన్నిటికన్నా చిన్న అక్షరాల్లో ఉన్న పేరు చూసి కొనండి. ఆ పేరు మీరెప్పుడూ విని ఉండకపోతే ఆ టికెట్ తప్పకుండా కొనండి. తలుపులు తెరిచే వేళకే హాల్లో ఉండండి.

మొదట వాయించే బ్యాండ్‌కి సాధారణంగా ఇరవై అయిదు, ముప్ఫై నిమిషాలిస్తారు. పూర్తి సౌండ్‌చెక్ దొరికే రోజులు తక్కువ. మైకులు, తీగలు పనిచేస్తున్నాయో లేదో అని త్వరత్వరగా చూసుకునే లైన్ చెక్‌తోనే మొదలుపెడతారు. స్టేజీ వెనక హెడ్‌లైనర్ డ్రమ్స్ నల్లగుడ్డ కప్పుకుని సగం చోటు ఆక్రమించి ఉంటాయి. మిగిలిన ఇరుకు చోట్లో వీళ్ళు తమ సామాను సర్దుకుంటారు. హాలు సగం కూడా నిండదు. వచ్చినవాళ్ళు స్టేజీకి దూరంగా అర్ధచంద్రాకారంలో నిలబడి చేతులు కట్టుకుంటారు. ఆ ఖాళీని చూస్తూ వాళ్ళు ప్రాణం పెట్టి వాయిస్తారు.

మీరు ఆ ఖాళీలోకి నడవండి, స్టేజీ ముందుకు వెళ్ళి నిలబడండి. మీరొక్కరు కదిలితే వెనక ఇంకో నలుగురు కదులుతారు. రెండు వేల మందిలో మీరు కనిపించరు, అరవై మందిలో కనిపిస్తారు. ఆ అరగంటలో మీ ఉనికికి హెడ్‌లైనర్ సెట్‌లో ఎప్పటికీ రానంత విలువ ఉంటుంది.

చరిత్ర కూడా ఇదే చెబుతోంది. 1990లలో ఓవర్‌కాస్ట్, ఆఫ్టర్‌షాక్ అనే రెండు చిన్న బ్యాండ్లు ఈ ప్రాంతంలో వాయిస్తూ ఉండేవి. అవి విడిపోయాక ఓవర్‌కాస్ట్ బేసిస్ట్ మైక్ డి’ఆంటోనియో, ఆఫ్టర్‌షాక్ నుంచి ఆడమ్ డుట్‌కీవిచ్, జోయెల్ స్ట్రోయెట్‌జెల్ కలిసి 1999లో కిల్‌స్విచ్ ఎంగేజ్ పెట్టారు. ఓవర్‌కాస్ట్ గాయకుడు బ్రయన్ ఫెయిర్ షాడోస్ ఫాల్‌లో చేరాడు. డుట్‌కీవిచ్ తర్వాతి కాలంలో అనర్త్‌కీ, ఆల్ దట్ రిమైన్స్‌కీ ఆల్బమ్‌లు ప్రొడ్యూస్ చేశాడు. ఆ చిన్న బ్యాండ్ల ముందు చేతులు కట్టుకోకుండా నిలబడిన కొద్దిమందే ఈ మొత్తానికి మొదటి శ్రోతలు.

5. టీషర్టు ముందు కొనండి

హాల్లో అడుగుపెట్టగానే మర్చ్ బల్ల దగ్గరకు వెళ్ళండి. మొదటి బ్యాండ్ టీషర్టు వాళ్ళు ఒక్క స్వరం వాయించకముందే కొనండి. నచ్చితే కొందాం అనుకోవద్దు. నచ్చడం తర్వాతి సంగతి. వాళ్ళు మీ ఊరు దాకా వచ్చారు, అది చాలు.

చిన్న బ్యాండ్‌కి ఒక రాత్రికి చేతికొచ్చే గ్యారంటీ మొత్తం పెట్రోలుకీ దారి ఖర్చులకీ సరిపోవడం కష్టం. స్ట్రీమింగ్ మీద వచ్చే సొమ్ముతో టూర్ నడవదు. రాత్రి భోజనం, రేపటి గది టీషర్టు డబ్బులోంచే వస్తాయి. కొన్ని హాళ్ళు ఆ అమ్మకాల్లో కూడా వాటా తీసుకుంటాయి. బ్యాండ్లు దీని గురించి ఏళ్ళ తరబడి మొరపెట్టుకున్నాయి. 2023 సెప్టెంబరులో కచేరీలు నిర్వహించే సంస్థ లైవ్ నేషన్ తన క్లబ్బు స్థాయి వేదికల్లో ఆ వాటా మానేస్తామని, ఇంధనం ఖర్చులకు ఒక్కో షోకి 1,500 డాలర్లు ఇస్తామని ప్రకటించింది. అంత పెద్ద సంస్థ దిగొచ్చి చెప్పాల్సి వచ్చిందంటే ఆ బల్ల మీది డబ్బు బ్యాండ్లకు ఎంత ముఖ్యమో తెలుస్తుంది.

టీషర్టు ధర చూసి దాన్ని రూపాయల్లోకి మార్చుకోకండి. ఆ లెక్క వేస్తే మనలో ఎవరూ ఏదీ కొనలేం. నెలకోసారి బయట తినడం మానుకుని అయినా కొనండి. కొన్న చొక్కా అక్కడే తొడుక్కోండి. వాయించే బ్యాండ్ చొక్కాని దాని షోలోనే వేసుకోకూడదని కొందరు పెద్దమనుషుల పట్టింపు. వినకండి. స్టేజీ మీది కుర్రాడికి, ఖాళీ హాల్లో తమ పేరున్న కొత్త చొక్కా ఒక్కటి కనిపించడం కన్నా పెద్ద బహుమానం లేదు.

6. నిలబడే చోటు తిరగేయండి

అందరూ మొదటి బ్యాండ్లప్పుడు వెనక ఉండి, హెడ్‌లైనర్ రాగానే ముందుకు తోసుకుపోతారు. మీరు చిన్న బ్యాండ్లకు స్టేజీకి ఆనుకుని నిలబడండి. మధ్య బ్యాండ్‌కి, జనం తోసుకుంటూ ఆడే పిట్ అంచుకి రండి. హెడ్‌లైనర్‌కి పూర్తిగా వెనక్కి, సౌండ్ బల్ల పక్కకి వెళ్ళండి.

సౌండ్ ఇంజినీరు అక్కడ నిలబడి, తన చెవికి వినిపించేదాన్ని బట్టే అన్నీ సరిచేస్తాడు. ఆ హాల్లో వాద్యాలన్నీ సమంగా వినిపించే చోటు అదే. స్టేజీ ముందు మీకు డ్రమ్స్, దగ్గరున్న ఒక గిటార్ వినిపిస్తాయి. సౌండ్ బల్ల దగ్గర రెండు గిటార్ల రాగాలు వేరువేరుగా తెలుస్తాయి, గాయకుడి అరుపులో అక్షరాలు విడివడతాయి. ముందు వరుసకు మీ అవసరం అప్పుడు లేదు, అది ఎలాగూ నిండిపోయింది.

పిట్ అంటే భయపడి బాల్కనీ ఎక్కకండి. దూరం నుంచి అది కొట్లాటలా కనిపిస్తుంది. దగ్గరకొస్తే అందులో నియమాలు కనిపిస్తాయి. పడిపోయినవాళ్ళను వెంటనే లేపాలి, అది మొదటి ధర్మం. ఎవరి కళ్ళజోడో బూటో దొరికితే చేత్తో పైకెత్తి చూపించాలి. అంచున నిలబడ్డవాళ్ళను బలవంతంగా లోపలికి లాగకూడదు. ఒకరినొకరు తోసుకునే పిట్ వేరు, గుండ్రంగా పరిగెత్తే సర్కిల్ పిట్ వేరు, చేతులు కాళ్ళు విసురుతూ ఆడే హార్డ్‌కోర్ నాట్యం వేరు. ఆ మూడోదానికి చోటు కావాలి కాబట్టి దాని ముందు చేతులు మొహానికి అడ్డంగా పెట్టుకుని నిలబడండి. తలల మీదుగా మనుషులు తేలుతూ వస్తుంటారు, వెనక్కి ఓ కన్నేసి ఉంచండి. మెడలో గొలుసు, చేతికి కడియం, చెవులకు వేలాడేవి ఇంట్లో పెట్టి రండి. బూట్ల లేసులు రెండు ముళ్ళు వేయండి. తోపులాట మాటున చెయ్యి వేసే వెధవ ఎవడైనా ఉంటే ఊరుకోకండి. పక్కవాళ్ళకు చెప్పండి, సెక్యూరిటీకి చూపించండి. అలాంటివాణ్ణి బయటికి పంపించే సంస్కారం ఈ జనంలో ఉంది.

7. చెవులు మూసుకుని వినండి

సంగీతం వినడానికి వెళ్ళి చెవుల్లో దూది పెట్టుకోవడమేమిటని అడుగుతారు. పెట్టుకోండి. మొదటి బ్యాండ్ మొదలయ్యే ముందే ఇయర్‌ప్లగ్‌లు పెట్టుకుని, బయటికొచ్చేదాకా తీయకండి.

అమెరికా ప్రభుత్వ వృత్తి ఆరోగ్య పరిశోధన సంస్థ నయోష్ లెక్క ప్రకారం 85 డెసిబెల్స్ శబ్దాన్ని రోజుకు ఎనిమిది గంటల దాకా భరించవచ్చు. ఆపైన ప్రతి 3 డెసిబెల్స్‌కీ ఆ సమయం సగమవుతుంది. 88 అయితే నాలుగు గంటలు, 91 అయితే రెండు గంటలు. 100 డెసిబెల్స్‌కి చేరేసరికి మిగిలేది 15 నిమిషాలు. మెటల్ కచేరీల్లో శబ్దం 100 దాటడం మామూలే. నాలుగు బ్యాండ్ల రాత్రి మూడు, నాలుగు గంటలు సాగుతుంది. చెవి లోపల పాడైన రోమ కణాలు మనుషుల్లో మళ్ళీ పుట్టవు. ఇంటికెళ్ళాక వినిపించే గుయ్యిమనే మోత ఆ దెబ్బకు గుర్తు.

ప్లగ్‌లు పెట్టుకుంటే సంగీతం తగ్గదు, తేటపడుతుంది. శబ్దం మితిమీరినప్పుడు చెవి అన్నిటినీ కలిపేసి ఒకే హోరుగా వినిపిస్తుంది. ఆ హోరు దిగితే కిక్ డ్రమ్ ఎక్కడుందో, బేస్ ఎక్కడుందో విడిగా తెలుస్తాయి. మందుల షాపులో దొరికే నురుగు ప్లగ్‌లు పై స్వరాలను ఎక్కువ మింగేస్తాయి. సంగీతకారుల కోసం చేసినవి అన్ని స్వరాలనూ ఇంచుమించు సమంగా తగ్గిస్తాయి. అవి కొనుక్కోండి. అవి లేని రోజున నురుగువైనా సరే, ఉత్త చెవులతో మాత్రం వెళ్ళొద్దు.

8. ఒంటరిగా వెళ్ళండి

మనం గుంపుగా కదిలే జనం. రూమ్మేట్లు నలుగురూ ఒప్పుకుంటేనే సినిమా, నలుగురికీ ఖాళీ ఉంటేనే ప్రయాణం. మెటల్‌కోర్‌కి ఆ పద్ధతి పెట్టుకుంటే మీరెప్పటికీ వెళ్ళలేరు. ఒకరికి శబ్దం పడదు, ఒకరికి ఆకలి, ఒకరికి మర్నాడు పరీక్ష. వెళ్ళినా ఆ ముగ్గురి మొహాలు చూస్తూ కూర్చోవాలి. ఎక్కడికెళ్తున్నారో, ఎప్పుడొస్తారో రూమ్మేట్లకు చెప్పి, ఒక్కరే బయల్దేరండి. వెళ్ళేముందు కడుపునిండా పెరుగన్నం తినండి. గంటల తరబడి నిలబడాలి, ఒళ్ళు వేడెక్కుతుంది, నీళ్ళు కూడా బాగా తాగాలి.

ఒంటరిగా వెళ్ళినవాళ్ళతో పక్కవాళ్ళు మాట్లాడతారు. పలేడియం బయట క్యూలో నిలబడినప్పుడు ఇదేనా మొదటి షో అని ఎవరో ఒకరు అడుగుతారు. అవునని చెప్పండి. ఎప్పటినుంచో వస్తున్నవాళ్ళు కొత్తవాళ్ళకు ఏ బ్యాండ్ ఎక్కడిదో, ఏ గిటారిస్టు ముందెక్కడ వాయించేవాడో చెప్పడానికి ఉత్సాహపడతారు. ఈ సంగీతం తరం నుంచి తరానికి చేరింది ఎక్కువగా క్యూలలోనే. అక్కడ మీ రంగు, మీ యాస ఎవరికైనా కొత్తగా అనిపించవచ్చు. నల్లచొక్కా వేసుకుని మంగళవారం రాత్రి వచ్చిన మనిషిగా మీరు వాళ్ళలో ఒకరే.

ఫోన్ జేబులోంచి తీయకండి. జ్ఞాపకానికి ఒక్క ఫొటో కావాలంటే దీపాలు వెలిగాక ఖాళీ స్టేజీని తీసుకోండి.

9. ఆఖరి రైలు వదిలేయండి

బోస్టన్ నుంచి వూస్టర్‌కి లోకల్ రైలుంది. యూనియన్ స్టేషన్‌లో దిగితే హాలు నడిచిపోయే దూరమే. చాలామంది ఆఖరి రైలు వేళ చూసుకుని, హెడ్‌లైనర్ సగంలో ఉండగానే స్టేషన్‌కి పరిగెత్తుతారు. అసలు ఆ రాత్రి తిరిగి రాకూడదని నిర్ణయించుకునే బయల్దేరండి. ఆ ఊళ్లోని క్లార్క్ యూనివర్సిటీలోనో డబ్ల్యూపీఐలోనో చదువుతున్న తెలుగు స్నేహితులెవరైనా ఉంటే, చాప వేసుకునేంత చోటు ముందే అడిగి పెట్టుకోండి. ఎవరూ లేకపోతే గది తీసుకోండి. పొద్దున మొదటి రైలుకి రండి.

ఆఖరి పాట అయ్యాక మొదలయ్యేదాన్ని కూడా చూడాలి. హాలు ఖాళీ అవుతుండగా మొదటి బ్యాండ్ వాళ్ళు తమ మర్చ్ బల్ల దగ్గర తామే నిలబడి ఉంటారు. వాళ్ళ దగ్గరకు వెళ్ళి, రెండో పాటలో బ్రేక్‌డౌన్‌కి ముందు డ్రమ్స్ ఆగిన క్షణం బాగుందని చెప్పండి. బాగుంది అని ఊరికే చెప్పడం వేరు, ఏది బాగుందో చెప్పడం వేరు. వందల మైళ్ళు వ్యాన్‌లో కూర్చునే మనిషి ఆ మాటను వెంట తీసుకుపోతాడు.

బయటికొచ్చాక వెనక వీధిలో కాసేపు నిలబడండి. గంట క్రితం స్టేజీ మీద నిలబడ్డ మనుషులే స్పీకర్ పెట్టెలు మోస్తూ, ట్రైలర్‌లో ఏది ఎక్కడ పట్టాలో సర్దుతూ కనిపిస్తారు. వాళ్ళు రాత్రంతా బండి నడిపి మర్నాడు ఇంకో ఊళ్లో మళ్ళీ ఇదే పని చేస్తారు. ఈ శ్రమ చూసినవాళ్ళు టికెట్ ధర గురించి మళ్ళీ గొణగరు.

10. నచ్చకపోతే మళ్ళీ వెళ్ళండి

నచ్చని సంగీతానికి రెండోసారి డబ్బు పెట్టొద్దని అందరూ అంటారు. నేను పెట్టమంటాను. మొదటి రాత్రి శబ్దం మిమ్మల్ని ముంచేస్తుంది. అరుపు అరుపుగానే వినిపిస్తుంది. రెండో రాత్రి దాని కింద లయ తెలుస్తుంది. మూడో రాత్రికి, అరుస్తున్న మనిషి దేనికోసం అరుస్తున్నాడో తెలుస్తుంది. దుఃఖం, అవమానం, వ్యసనం నుంచి బయటపడటం, పోయిన స్నేహితుడు ఈ పాటల్లో తరచూ వినిపించే విషయాలు. పరాయి దేశంలో వీసా కాగితాలు, అద్దె గది, ఇంటి బెంగ మోస్తూ, ఎవరి ముందూ గొంతెత్తకుండా బతికే మనకు ఆ అరుపు అవసరం లేదని నేననుకోను.

పెద్ద హాలు అలవాటయ్యాక ఇంకా చిన్న చోటికి వెళ్ళండి. అదే వూస్టర్‌లో గ్రోవ్ స్ట్రీట్ మీద రాల్ఫ్స్ ఉంది. పాత డైనర్‌కి ఆనుకుని స్టేజీ ఉన్న చోటు అది. అక్కడ స్టేజీకీ మీకూ మధ్య ఇనుప అడ్డం కూడా ఉండదు.

చివరిగా ఒక మాట. 2020 మార్చిలో కోవిడ్ వల్ల ఈ హాళ్ళన్నీ మూతపడ్డప్పుడు చాలావాటికి మళ్ళీ తలుపులు తెరుచుకోవనే అనుకున్నారు. స్వతంత్ర వేదికల యజమానులు సంఘంగా ఏర్పడి పోరాడితే, 2020 డిసెంబరులో అమెరికా కాంగ్రెస్ చట్టం చేసింది. మూతపడ్డ వేదికలకు 1,500 కోట్ల డాలర్ల సాయం కేటాయించింది. ఆ డబ్బు తలుపులు తెరిపించింది. లోపలికి మనుషుల్ని పంపడం ఏ చట్టం వల్లా కాదు. మధ్యరకం ఊళ్లో వారం మధ్య రాత్రి హాలు ఖాళీగా ఉంటే, వచ్చే టూర్‌లో ఆ ఊరి పేరు ఉండదు.

అందుకే అడుగుతున్నాను. ఈ నెల జాబితా తీయండి. మీకు దగ్గర్లోని మధ్యరకం ఊరు చూడండి, మంగళవారం చూడండి, పోస్టర్‌లో అట్టడుగు పేరు చూడండి. టికెట్ ఒక్కటే కొనండి, తలుపులు తెరిచే వేళకు అక్కడుండండి.